ఇద్దరికీ ఒకే డబ్బా

మా ఇంట్లో ఆడవాళ్ళం ఇద్దరం, గొడుగు మాత్రం ఒకటే. చేతిసంచీ ఒకటే, ఉన్ని శాలువా ఒకటే. తలనొప్పి మాత్రల డబ్బా కూడా ఒకటే, అది ఎవరికి ముందు తలనొప్పి వస్తే వాళ్ళ దిండు కింద ఉంటుంది. నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చిన మొదటి రోజే మా తోడికోడలు తన చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టి, "వేసుకో, నీ పాదం నా పాదమంతే ఉంది" అంది. ఇరవై ఆరేళ్ళయింది. ఆవిడని అక్కా అని పిలుస్తాను. అక్క అనే అనుకుంటాను కూడా.

ఈ పంపకాల్లో కలవనిది ఒక్క నా కత్తెర.

ఇంటి కింది భాగమంతా మా వర్క్‌షాపు. సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేస్తాం. గుడ్డ కోసేది నేను, మిషన్ మీద కుట్టేది అక్క. ఫోము అతికించి, కుట్టిన తొడుగుని లాగి కుర్చీకి బిగించేది మా ఆయన. సరుకు తేవడం, చేరవెయ్యడం, వచ్చినవాళ్ళతో తియ్యగా మాట్లాడటం బావగారి పని. ఆ కత్తెర పన్నెండంగుళాలది. కోసేవాళ్ళ చేతివాటాన్ని బట్టి దాని అంచు అరుగుతుంది. ఇంకో చెయ్యి పడిందంటే ఆ రోజుకి గుడ్డ నమిలినట్టే తెగుతుంది. "ఒక్క దారం తెంపుకుని ఇచ్చేస్తానే" అని అక్క చెయ్యి చాపుతుంది. "పళ్ళతో తెంపుకో" అంటాను. ఆ మాటకి ఆవిడ ఏడాదికొకసారైనా రెండు పూటలు అలుగుతుంది.

ఆ ఎండాకాలం మాకు పెద్ద పని తగిలింది. పక్క వీధిలో మూతపడ్డ సినిమా హాలుని మళ్ళీ తెరుస్తున్నారు. నాలుగొందల ఇరవై సీట్లు, అన్నిటికీ ముదురెరుపు ముఖమల్. మూడు నెలల్లో అయిపోవాలి. బావగారు ఆ వార్త చెప్పినప్పుడు మా ఆయన ఎగిరి గంతేశాడు. నేను మాత్రం చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాను, ఎందుకంటే సరిగ్గా అప్పుడే కాళ్ళ నుంచి తల దాకా కుంపటి రాజేసినట్టు వేడి ఎగదన్నింది.

నాకు నెలసరి ఆగి పద్నాలుగు నెలలు. అది ఆగినందుకు నేనేం బాధపడలేదు, పీడా పోయిందనుకున్నాను. దాని వెనకాల వచ్చినవే నన్ను పీల్చి పిప్పి చేశాయి. రోజుకి పన్నెండుసార్లు ఆవిర్లు. నిద్ర అన్నది మొహం చాటేసింది. పొద్దున్న బల్ల దగ్గరికి వచ్చేసరికి బుర్రలో దూది కుక్కినట్టుండేది. టేపు చేతిలో పెట్టుకుని టేపు కోసం వెతికేదాన్ని. మా ఆయన "నీ చేతిలోనే ఉంది కదా" అంటే ఆయన మీద ఇంతెత్తున లేచేదాన్ని.

ముఖమల్‌కి నూగు ఉంటుంది. ఒక వైపుకి చేత్తో రాస్తే నున్నగా పోతుంది, ఎదురు రాస్తే గరుకుగా తగులుతుంది. ముక్కలన్నీ ఒకే వాలులో కొయ్యాలి. తిరగబడిందంటే అదే గుడ్డ, అదే రంగు, వెలుతురు పడగానే వేరే గుడ్డలా కనిపిస్తుంది. ఇది నాకొకరు చెప్పాలా? ఇరవై ఏళ్ళుగా అరచేత్తో ఒక్కసారి రాసి కోసేస్తున్నాను. ఆ రోజు రాయనే లేదో, రాసి మర్చిపోయానో, ముప్ఫై సీట్ల గుడ్డ తలకిందులుగా కోసేశాను. అక్క కుట్టేసింది. మా ఆయన బిగించేశాడు. హాలు మేనేజరు లైట్లన్నీ వేయించి చూసి, "ఈ సీట్లేమిటండీ, అప్పుడే వెలిసిపోయాయి?" అన్నాడు.

మూడో వరసలో నాలుగు, ఐదో వరసలో ఏడు, ఇంకెక్కడో రెండు, అలా అక్కడక్కడా పాలిపోయి కనిపిస్తున్నాయి. తలకాయ తీసేసినట్టయింది నాకు. ఆ గుడ్డ మళ్ళీ దొరకదు, మిల్లువాళ్ళు ఆ రంగు నెయ్యడం ఆపేశారు.

ఇంటికొచ్చాక బావగారు గోడకేసి చూస్తూ, నాతో కాకుండా మా ఆయనతో అన్నారు. "ఈ ఒక్క పనికీ కోతకి బయటి మనిషిని పెట్టుకుందామా? తను కాస్త విశ్రాంతి తీసుకుంటుంది."

మంచి మాటే. కానీ నా ఒంట్లో ఆవిరి కంటే ఆ మాటే ఎక్కువ మండింది. కోత బల్ల దగ్గర్నుంచి నన్ను లేపితే నేనెవర్ని? వంట అక్క బాగా చేస్తుంది, లెక్క బావగారు బాగా చెప్తారు, ఓర్పు మా ఆయనకుంది. నాకున్నది చేతిలో కత్తెర, కంట్లో కొలత. అవే పోతే మిగిలేది నోరొక్కటే.

"బయటివాళ్ళని పెడితే వాళ్ళ కత్తెర వాళ్ళనే తెచ్చుకోమనండి" అని లోపలికొచ్చేశాను.

అక్క నా వెనకాలే వచ్చి తలుపు మూసింది. మేమిద్దరం వాడే అలమారలో పై అరలోంచి ఒక డబ్బా తీసింది. అందులో రూపాయి నోటులో సగం ఉండే పల్చటి ప్యాచ్‌లు. నాలుగేళ్ళ క్రితం ఆవిడకి గడ్డలని గర్భసంచి తీసేశారు. అప్పట్నుంచి డాక్టరమ్మ రాసిచ్చిన ఆ ప్యాచ్ నడుం కింద అంటించుకుంటుంది, వారానికి రెండుసార్లు మారుస్తుంది.

"నాకూ ఇలాగే ఉండేది. ఇది అంటించుకున్నాకే మనిషినయ్యాను" అంది. "అంటించుకో."

"డాక్టర్ని అడగొద్దూ?"

"ఆవిడ నాకు రాసింది, నేను నీకిస్తున్నాను. నీ ఒళ్ళు నా ఒళ్ళు వేరా?"

చెప్పులు సరిపోయినవాళ్ళకి మందు సరిపోదా అనుకున్నాం ఇద్దరం. అంటించుకున్నాను.

ఇక చూడండి. రెండు వారాలకి ఆవిర్లు సగమయ్యాయి. మూడో వారానికి పడుకుంటే తెల్లారే లేచాను. బుర్రలో దూది పోయింది. అన్నిటికంటే ముందు ఆ ముప్ఫై తొడుగుల సంగతి తేల్చాను. హాల్లో అన్నిటికంటే వెనక వరసలో సరిగ్గా ముప్ఫై సీట్లున్నాయి. అక్కడక్కడా ఉన్న తిరగబడ్డ తొడుగులన్నీ విప్పించి వెనక వరసకి చేర్పించాను, వాటి చోట్లో ఆ వరసకని ఉన్న గుడ్డ వేయించాను. వరసంతా ఒకటే వాలు, ఒకటే ఛాయ. మేనేజరు వచ్చి చూసి, "అబ్బ, వెనక వరస డిజైను భలే కుదిరిందండీ" అన్నాడు. నేను నిమ్మకి నీరెత్తినట్టు ఊరుకున్నాను. బావగారు దగ్గొచ్చినట్టు నటించి బయటికెళ్ళిపోయారు. బయటి మనిషి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఇలా ఎనిమిది వారాలు గడిచాయి. ఆరు వరసలు మిగిలాయనగా, ఒకరోజు పొద్దున బల్ల ముందు నిలబడితే తెలిసిన పాత తడి తగిలింది.

అక్కతో చెప్పాను. ఆవిడ మొహం చాటంతయింది. "చూశావా మందు మహత్యం! వయసు వెనక్కి నడుస్తోంది నీకు." నేనూ నవ్వాను. నాలుగు రోజుల్లో పోతుందనుకున్నాను. వారం దాటినా పోలేదు. తొమ్మిదో రోజు ఎందుకో ఆ డబ్బా తీసి, అడుగున మడతపెట్టి ఉన్న కాగితాన్ని విప్పాను. అంతకుముందు మేమిద్దరం దాన్ని విప్పనైనా లేదు. గుడ్డ తాను మీదున్న చీటీ చదవకుండా ఏనాడూ కత్తెర పెట్టనిదాన్ని, ఒంటికి అంటించుకునేదాని చీటీ చదవలేదు. చీమల్లాంటి అక్షరాలు. గర్భసంచి ఉన్నవాళ్ళు ఇది ఒక్కటే వాడరాదు. కారణం లేకుండా రక్తస్రావం అయితే వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి.

ఆ కాగితం మడిచి చేతిసంచీలో పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అక్కకి ప్యాచ్ రాసిన డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆవిడ అంతా విని అడిగింది.

"ఈ ప్యాచ్ మీకెవరు రాశారు?"

"మా అక్కండి."

"ఆవిడ డాక్టరా?"

"కాదండి. మిషన్ కుడుతుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. కలం పక్కన పెట్టింది. "ఇందులో ఉన్నది ఈస్ట్రోజన్ ఒక్కటే. ఆవిర్లు తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది, నిజమే. కానీ గర్భసంచి ఉంటే దాని లోపలి పొరని పెంచుకుంటూ పోతుంది. ఆ పెరుగుదలని అదుపులో పెట్టడానికి ప్రొజెస్టరాన్ అని ఇంకో హార్మోను తోడుండాలి. మీ అక్కగారికి సంచే లేదు కాబట్టి ఈ ఒక్కటి చాలు. మీకుంది. మీకు చాలదు."

స్కాన్ తీసింది. పొర మందంగా ఉందంది. అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. నొప్పి పెట్టింది గానీ పళ్ళు బిగబట్టాను.

"కేన్సరా?" అని అడిగాను. నాకు నాన్చుడు చేతకాదు.

"చాలామందిలో కాదు. అయినా ఫలితం చూడకుండా కాదని చెప్పను. పది రోజులు పడుతుంది. అప్పటిదాకా ప్యాచ్ వద్దు."

ఇంట్లో దాచలేదు. అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పేశాను. మా ఆయన చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. బావగారు కంచంలోకి చూస్తూ, "ఆ హాలు పోతే పోయింది, నువ్వు పడుకో అమ్మా" అన్నారు. "పడుకుని ఏం చెయ్యను బావగారూ, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టనా? ఆరు వరసలున్నాయి" అన్నాను. ధైర్యంగానే అన్నాను. భయం లేక కాదు. భయపడుతూ పడుకోవడం కంటే భయపడుతూ కొయ్యడం నయమని.

అక్క తన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ప్యాచ్ తీసేసిన నాలుగో రోజుకి ఆవిర్లు అప్పు వసూలుకి వచ్చినవాళ్ళలా తిరిగొచ్చాయి. ఈసారి నేను ఒంటిని నమ్ముకోలేదు. తాను విప్పగానే, ఒక్క ముక్కా కొయ్యకముందే, వెనకవైపు జానెడు జానెడు దూరంలో సుద్దతో బాణం గుర్తులు పెట్టేశాను. బుర్ర ఎగ్గొట్టినా బాణం ఎగ్గొట్టదు. ఒక్క ముక్క తప్పు పోలేదు.

తప్పు పోయింది అక్కకి. ఏడో రోజు ఆవిడ కుట్టిన తొడుగు నా చేతికొచ్చింది, కుట్టు వంకర. ఇరవై ఆరేళ్ళలో అక్క కుట్టు వంకరపోగా నేను చూడలేదు. తలెత్తి చూశాను. ఆవిడ వీపు మీద జాకెట్టు తడిసి ముద్దయి ఉంది. మొహం కందగడ్డలా ఉంది. పాత క్యాలెండరు అట్టతో విసురుకుంటోంది.

లేచి పైకెళ్ళి అలమార తీశాను. నేను మానేసిన రోజు డబ్బాలో ఐదు ప్యాచ్‌లున్నాయి. ఇంకా ఐదే ఉన్నాయి.

డబ్బా పట్టుకుని కిందికొచ్చాను. "అక్కా, నీ నడుం చూపించు."

"పనిలో ఉన్నాను."

"చూపించు."

మిషన్ ఆపింది. తల దించుకుంది. "నీకు లేకుండా నేనెలా అంటించుకోనే?" అంది. "నువ్వలా ఉడికిపోతుంటే నేను చల్లగా కూర్చోనా? నేనిచ్చిందే కదా. నా చేత్తో నేనే నిన్ను..." అని ఆగిపోయి, కళ్ళల్లోంచి కారేది ముఖమల్ మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది. అంత ఏడుపులోనూ గుడ్డ పాడవకూడదన్న ధ్యాస పోలేదు మా అక్కకి.

నాకు కోపం, ఏడుపు, నవ్వు మూడూ కలిసొచ్చాయి. కోపాన్నే ముందు బయటికి పంపాను.

"నీ పిచ్చి మండిపోనూ! నువ్వు ఉడికితే నా పొర తగ్గుతుందా? ఇది నీ ఒంటికని చూసి రాసిన మందు. నా ఒంటిక్కాదు. అది తెలీక ఇద్దరం తప్పు చేశాం, నువ్వొక్కదానివే కాదు. నాదేదో నాకింకా తెలీదు. తెలిశాక తెచ్చుకుంటాను. నీది నువ్వు వాడు."

ప్యాచ్ ఒకటి చింపి, ఆవిడ నడుం కింద నేనే అంటించాను. అంచులు లేవకుండా అరచేత్తో అదిమి పట్టి పది అంకెలు లెక్కపెట్టాను. లెక్క అయిపోయాక కూడా కాసేపు చెయ్యి తియ్యలేదు. అక్క ఒళ్ళు కాలిపోతోంది. తర్వాత ఆవిడ ఆ వంకర కుట్టు విప్పి మళ్ళీ కుట్టింది.

పదో రోజు ఇద్దరం కలిసి వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం తెరిచి, "చెడ్డదేమీ లేదు. పొర పెరిగింది, అంతే. అదీ మందుతో సర్దుకుంటుంది" అంది.

నేను గట్టిగా ఊపిరి వదిలాను. అక్క నాకంటే గట్టిగా వదిలింది. వదిలి, వెంటనే బల్ల మీదికి వంగింది. "అయితే ఆ రెండోది కూడా కలిపి ఇద్దరికీ ఒకటే రాసెయ్యండమ్మా. ఒక డబ్బాతో పోతుంది."

"అక్కా" అన్నాను. "నాది నేను చూసుకుంటాను."

గొంతు పెంచలేదు. మామూలుగానే అన్నాను. అక్క వెనక్కి జరిగి కూర్చుంది. సంచీని ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీని వేలికి చుట్టుకుంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఆవిర్లు భరించగలిగితే మందు లేకుండా ఉన్నా తప్పు లేదు. వాడదలుచుకుంటే దారులు చాలా ఉన్నాయి. రోజూ మింగే మాత్ర, ప్యాచ్, జెల్. ఈ మూడూ ఈస్ట్రోజన్‌కి. ప్రొజెస్టరాన్‌కి పడుకునేముందు వేసుకునే కాప్సూల్ ఉంది, లేదంటే గర్భసంచి లోపల అమర్చే చిన్న పరికరం, అది కొన్నేళ్ళు పనిచేస్తుంది. రెండూ కలిసున్న ప్యాచ్ కూడా ఉంది. మీకేది కుదురుతుందో మీరే చెప్పాలి."

"మాత్రయితే తేలిక కదండీ?"

"మీ ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా?"

"మా అమ్మకి. కాలి నరంలో."

"అయితే మాత్ర కంటే చర్మం గుండా వెళ్ళేది మంచిది."

నేను ఆలోచించాను. రోజంతా బల్లకి నడుం ఆనించి వంగి నిలబడతాను. ఆ ఎనిమిది వారాల్లో ప్యాచ్ అంచులు రోజూ లేచేవి, ముఖమల్ నూగంతా వాటికే అంటుకునేది, కింద చర్మం ఎర్రగా కందిపోయేది. అక్క కూర్చుని కుడుతుంది, ఆవిడకి అది నిలుస్తుంది. లోపల పరికరం అంటారా, ముక్క తీసిన నొప్పి ఇంకా గుర్తుంది.

"జెల్ రాస్తే గుడ్డకి అంటదా?"

"పొద్దున సీసా పంపు నొక్కితే వచ్చినంత తొడ మీద రాసుకోండి. ఐదు నిమిషాలు ఆరనివ్వండి. సబ్బుతో చేతులు కడుక్కోండి. రాసిన చోట ఇంకొకళ్ళ ఒళ్ళు తగలనివ్వద్దు. తర్వాత మీ పని మీది. ఎక్కువైతే ఒక నొక్కు తగ్గిద్దాం, చాలకపోతే పెంచుదాం."

కొలిచి, సరిచూసి, మళ్ళీ కొలవడం. అది నాకు తెలిసిన పని. "జెల్, కాప్సూల్" అన్నాను. "మూడు నెలలకి వచ్చి చూపించుకుంటాను. మళ్ళీ రక్తం కనిపిస్తే అంతదాకా ఆగను."

దారిలో ఎండగా ఉంది, గొడుగు ఒకటే, ఇద్దరం దాని కిందే నడిచాం. ఇంటికెళ్ళాక అలమార ముందు నిలబడి తన డబ్బా పై అరలో కుడివైపుకి జరిపింది. ఎడమవైపు తడిగుడ్డతో తుడిచి, "ఇక్కడ పెట్టుకో" అంది.

హాలు చెప్పిన రోజుకే తెరిచారు. చివరి సర్దుబాట్లుంటాయని, నా కత్తెర కూడా పట్టుకుని, మేం మధ్యాహ్నం ఆటకి ముందే చేరాం. మాకు సీట్లు ఎక్కడిచ్చారంటారు? వెనక వరసలో. "మీ డిజైను కదా" అన్నాడు మేనేజరు. నేనూ అక్కా పక్కపక్కన కూర్చున్నాం. సంచీ మా మధ్య ఉంది. అది ఇప్పటికీ ఒకటే. కాకపోతే అందులో మిగిలిన ముఖమల్ ముక్కలతో నేను చేసిన చిన్న సంచులు రెండున్నాయి, ఒకటి ఆవిడది, ఒకటి నాది.

లైట్లు ఆరాయి. బొమ్మ మొదలైన కాసేపటికి పక్కన విసురుకుంటున్న చప్పుడు.

"ఏమైందక్కా?"

"పొద్దున ఆ హడావుడిలో ప్యాచ్ ఊడిపోయినట్టుంది. ఒళ్ళు మండిపోతోంది. నీ జెల్ ఉందా?"

"ఉంది."

"ఒక్క నొక్కు వెయ్యి." చీకట్లో చెయ్యి చాపింది.

"ఇవ్వను."

అక్క నవ్వడం మొదలెట్టింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

సంచిలో చెయ్యి పెట్టాను. రెండు చిన్న సంచుల మూతులూ పైకే ఉన్నాయి. మూతి వైపుకి వేలితో రాస్తే నున్నగా పోయేది నాది. గరుకుగా తగిలేది అక్కది, దాన్ని కావాలనే నూగు తిప్పి కోశాను. అది తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను.

ప్యాచ్ కవరుతో కాసేపు కుస్తీ పట్టింది. చెమట చేతికి అది చిరగడం లేదు. నా ఒళ్ళో కత్తెర ఉందని ఆవిడకి తెలుసు.

"ఏమే, ఒక్కసారి కత్తెర..."

"పళ్ళతో చింపుకో" అన్నాను.

చింపుకుంది.